మద్దిచెట్టుకు వచ్చిన పిలవని వడ్రంగి

అనగనగా, కొండలకూ వాగులకూ నడుమ ఒక పెద్ద అడవి. ఆ అడవిలో ఒక ముసలి మద్దిచెట్టు. ఆ చెట్టు తొర్రలో సుముఖి అనే కొమ్ముముక్కు పిట్ట కాపురం పెట్టింది. సుముఖి అంటే చక్కని ముఖం గలది అని అర్థం. ముఖంలో సగానికి పైగా ముక్కే అయినా, తల్లికి ముద్దు కదా, ఆ పేరే పెట్టుకుంది. ఆమె మగడి పేరు దీర్ఘతుండుడు.

ఈ పిట్టల ఇంట ఒక వింత ఆచారం ఉంది, వినండి. గుడ్లు పెట్టే వేళకు ఆడపిట్ట తొర్రలోకి వెళ్లి కూర్చుంటుంది. మగడు బంకమట్టి తెచ్చి ఇస్తాడు. ఆమె దాన్ని పళ్లగుజ్జుతో కలిపి, లోపలి నుంచి వాకిలి మూసేస్తుంది. ముక్కు పట్టేంత చీలిక మాత్రం మిగులుతుంది. మగడు తిండి అందించేది అందులోంచే. లోపల ఆమె రెక్కల ఈకలు రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా ఎగరలేదు. ఆ గోడే ఆమెకు రక్ష. ఎండి రాయైపోయిన ఆ గోడను బయటివాడి గోరు గీరలేదు. లోపల ఉన్నామె పొడిస్తేనే పగులుతుంది.

తొర్ర చూడవచ్చిన నాడే సుముఖి చెవి ఒగ్గి వింది. "ఏమండీ, ఈ మానులో ఏదో కరకరమంటోంది" అంది.

"బెరడులో పురుగు. ముసలి చెట్టన్నాక ఉండదా? నేను లేనప్పుడు నీకు కాలక్షేపం" అని నవ్వాడు దీర్ఘతుండుడు. ఆమె కూడా నవ్వింది. నవ్విందే గాని, మనసులో ఒక దిగులు లేకపోలేదు. కిందటేడు గాలివానకు వాళ్లున్న చెట్టు కూలిపోయింది. గుడ్లు దక్కలేదు. ఈసారైనా పిల్లల్ని చూసుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

గుడ్లు పెట్టింది. పొదగసాగింది.

ఒక పొద్దున మగడు మేడిపళ్లకు వెళ్లాడు. కాసేపటికి మాను మీద టక్ టక్ మని చప్పుడైంది.

"అమ్మా, లోపల ఎవరమ్మా? వడ్రంగి పిట్టల వారి పనివాణ్ణి. అడవిలో చెట్లన్నీ చూసి వస్తున్నాను. మీ మానుకు చెద పట్టిందని మాకు కబురొచ్చింది."

సుముఖి చీలికలోంచి చూసింది. ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. గొంతు మాత్రం పక్కనుంచి వస్తోంది, బెల్లం ముక్క నోట్లో పెట్టుకున్నట్టు. ఆ గొంతు మృదుపాదుడనే మానుపిల్లిది. చెట్లెక్కి గుడ్లు తినే జాతి. ఆ సంగతి మీకు చెబుతున్నాను గాని, గోడ వెనక ఉన్న ఆమెకెలా తెలుస్తుంది, పాపం!

"మా ఇంట్లో చెద లేదు నాయనా" అంది సుముఖి.

"లేకపోతే మరీ మంచిది తల్లీ. ఒక్కసారి గోడకు చెవి పెట్టి చూడండి."

పెట్టింది. కరకర, కరకర. నిన్నటిదాకా కాలక్షేపమైన చప్పుడు ఆ క్షణాన చెదపురుగుల పళ్ల చప్పుడైపోయింది.

"అయ్యో, కిందటేడు చెట్టు కూలి గుడ్లు పోయాయయ్యా! మళ్లీనా?"

"అలా కాకూడదనే కదమ్మా మా తాపత్రయం! ఇవాళ మీరేమీ చెయ్యక్కర్లేదు. రేపు మందు నూరి తెస్తాను" అని అతను వెళ్లిపోయాడు. ఏమీ అడగకుండా పోయినవాణ్ణి ఎవరు అనుమానిస్తారు?

మర్నాడు మళ్లీ వచ్చాడు. "చెద మొదట్లోకి దిగింది తల్లీ, ఇక ఒక గాలి వీచడమే తరువాయి" అన్నాడు. మీ ఆయన ఏ వేళకు వస్తాడని అడిగాడు. ఎండ నెత్తికెక్కాక, అని చెప్పింది. మీరు ఎగరగలరా అని అడిగాడు. ఈకలు రాలిపోయాయని చెప్పింది. ఇంటిగుట్టు లంకకు చేటన్న మాట ఆమె విననిది కాదు. భయం వేసినప్పుడు ఎంతటి తెలివైనా అక్కరకు రాదు.

"ఒక్క మాట. మీ ఆయనకు మాత్రం చెప్పకండి. ఆయన కంగారుపడి గోడ బద్దలు చేస్తే, ఈకలు లేని మీరేం కాను? గుడ్లేం కాను?"

ఆ మధ్యాహ్నం దీర్ఘతుండుడు పండు అందించి, "ఏమిటే, అదోలా ఉన్నావు?" అన్నాడు.

"ఏం లేదండీ. పండు పులిసింది."

పండు పులవలేదు. పెళ్లయ్యాక ఆమె మగడి దగ్గర దాచిన మొదటి మాట అదే. దాచిన మాట మింగిన పండుకన్నా బరువుగా ఉంది.

మూడోనాడు పొద్దెక్కక ముందే మృదుపాదుడు వచ్చాడు. "మందు తెచ్చాను తల్లీ. నా చెయ్యి పట్టేంత సందు చెయ్యండి చాలు. లోపల పూసి వెళ్లిపోతాను. మీరు కదలక్కర్లేదు."

సుముఖి పొడిచింది. పెళ్ల రాలింది.

"ఇంకాస్త తల్లీ."

మళ్లీ పొడిచింది. ఇంకో పెళ్ల రాలింది. ఆ సందులోంచి వెలుగు తొర్ర లోపలి గోడ మీద పడింది. అక్కడ, బెరడు మడతలో, తెల్లగా బొద్దుగా ఒకే ఒక్క పురుగు తీరిగ్గా నములుతోంది. కరకర, కరకర. చెద ఉన్నచోట మట్టి ఉండాలి. అక్కడ చిటికెడు మట్టి లేదు.

'నేను లేనప్పుడు నీకు కాలక్షేపం.' మగడి మాట, ఆ నవ్వు గుర్తొచ్చాయి. సుముఖి ముక్కు ఆగింది.

"నాయనా, మేము పిలవలేదు కదా, నిన్నెవరు పంపారు?"

"ఇంకెవరు తల్లీ, మీ ఆయనే!"

"మా ఆయనే పంపితే, మా ఆయనకు చెప్పొద్దని ఎందుకన్నావు?"

బయట బెల్లం కరిగిపోయింది. చెయ్యి వచ్చింది. గోళ్లున్న చెయ్యి సర్రున సందులో దూరి, తడుముతూ తడుముతూ గుడ్డును తాకింది.

ఆ ముక్కును చూసి నవ్వినవారు అడవిలో ఎందరో. ఆనాడు ఆ ముక్కు పట్టిన పట్టుకు మృదుపాదుడు కేరుమని అరిచాడు. గింజుకుని, చెయ్యి లాక్కుని, కొమ్మకూ కొమ్మకూ తగులుకుంటూ నేల మీద పడి, కుంటుతూ పొదల్లోకి పరుగెత్తాడు.

దీర్ఘతుండుడు వచ్చేసరికి సుముఖి సందుకు ముక్కు అడ్డం పెట్టి కూర్చుని ఉంది. "ఎవరూ పగలగొట్టలేదండీ. నేనే పగలగొట్టాను" అని ఏడుస్తూ మొదటినుంచీ చెప్పింది.

అతను కోప్పడలేదు. "నీ దిగులు ఎక్కడుందో వాడు అక్కడే తట్టాడు. నాతో ఒక్క మాట అంటే ఇద్దరం కలిసి వినేవాళ్లం కదే" అన్నాడు. అని, వాగు గట్టుకెళ్లి మట్టి తెచ్చాడు. ఆమె వాకిలి మళ్లీ మూసుకుంది.

అయినా మగడి మనసు ఊరుకోలేదు. తానే వెతుక్కుంటూ వెళ్లి అసలు వడ్రంగి పిట్టను పిలుచుకొచ్చాడు. ఆ పెద్దాయన మానంతా తట్టి చూసి, "మీ మనవల దాకా ఢోకా లేదు" అన్నాడు. మృదుపాదుడి సంగతి విని పకపకా నవ్వాడు.

"పిలిస్తేనే పదిసార్లు తిప్పించుకునేవాళ్లం మేము! పిలవకుండా వస్తామని ఎలా నమ్మావమ్మా?"

కొన్నాళ్లకు తొర్రలో పిల్లల కిచకిచలు వినబడ్డాయి. సుముఖికి కొత్త ఈకలు వచ్చాయి. ఒక తెల్లవారుజామున ఆమె మళ్లీ గోడ పొడిచింది. ఈసారి ఎవరూ పొడవమనలేదు. ఎదుటి కొమ్మ మీద మగడు మేడిపండుతో కూర్చుని ఉన్నాడు.

మన ఇళ్లకు మట్టిగోడలు లేవు గాని, ఫోన్లున్నాయి, కంప్యూటర్లున్నాయి. వాటికి జబ్బు చేసిందని, తాము బాగుచేస్తామని తియ్యగా పలికే గొంతులూ ఉన్నాయి.

పిలవకుండా వచ్చి, భయపెట్టి, అయినవాళ్లకు చెప్పవద్దని చెప్పి, నీ చేతనే నీ తలుపు తీయించేవాడు వైద్యుడు కాడు, దొంగ.