పొద్దుటిపూట ఖాళీగా ఊగే దోనె

ఒకప్పుడు గాలికి నిద్రంటే ఏమిటో తెలియదు. ఎండనక వాననక ఒకటే పరుగు. పుట్టినప్పటినుంచి ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు.

దాని అల్లరంతా ఒక సరస్సు మీద. చుట్టూ కొండలు, నడుమ నీళ్ళు. గాలి కొండల మీంచి జారి వచ్చి ఆ నీళ్ళ మీద దొర్లేది. అలలు లేచేవి, నురగ చిమ్మేది, ఒడ్డున ఆరేసిన వలలు ఎగిరిపోయి తుమ్మచెట్లకు చిక్కుకునేవి. పాపం ఆ సరస్సు ఏనాడూ కళ్ళు తెరిచి పైకి చూసింది లేదు. తెరిస్తే చాలు, అల వచ్చి కళ్ళలో కొట్టేది. ఆకాశం నీలంగా ఉంటుందటగా, నిజమేనా అని గూడబాతుల్ని అడుగుతుండేది. చెబితే నీకేం తెలుస్తుంది, చూడాలి గాని, అని అవి ముక్కు తిప్పుకునేవి. గూడబాతులు ముక్కు తిప్పడమంటే మాటలా, మూరెడుంటుంది!

ఆ ఒడ్డునే నూకాలు అనే ఆవిడ ఉండేది. తాటిమొద్దు తొలిచి దోనె చెయ్యడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. ఊళ్ళో చేపలు పట్టే దోనెలన్నీ ఆమె చేసినవే. అవి సన్నగా, ఇరుకుగా ఉంటాయి. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.

ఒక ఏడాది నూకాలు ఒక లావుపాటి మొద్దు వెతికి తెచ్చి, వెడల్పుగా, మందంగా ఒక పెద్ద దోనె చేసింది. కూర్చోవడానికి పలకలు వేసింది. వీపు ఆనుకోవడానికి చెక్క బిగించింది. బయట పసుపు, ఎర్రటి జాజు పూసింది. ఇది చేపలకు కాదు, మనుషులకు, ఊరికే ఎక్కి తిరగడానికి అని అందరికీ చెప్పింది.

అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పనీపాటా లేకుండా నీళ్ళ మీదికి ఎవరెళ్తారమ్మా అన్నారు. సరదా పడి ఎక్కినవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. గాలి వాళ్ళను అటు విసిరి ఇటు విసిరి, నెత్తిన నీళ్ళు కుమ్మరించి పంపింది. ఒడ్డుకొచ్చి వాంతి చేసుకుని, ఇంకోసారి ఎక్కితే ఒట్టు అని చెంపలు వేసుకున్నారు. పసుపు పూసిన దోనె ఒడ్డునే ఎండుతూ ఉండిపోయింది. నూకాలు మాత్రం నా దోనె మంచిదే, నా సరస్సు మంచిదే, గాలికే బుద్ధి చెప్పేవాళ్ళు లేరు అనుకుంది.

ఇంతలో ఊరిపెద్ద భద్రయ్యకు ఒక ఆలోచన వచ్చింది. ఎవరికీ అక్కర్లేని ఈ నీళ్ళెందుకు, గట్టు తెంచి ఏట్లోకి వదిలేసి, అడుగున వరి వేద్దాం అన్నాడు. చుట్టుపక్కల ఏడూళ్ళూ సరేనన్నాయి; గాలికి వలలు పోగొట్టుకుని విసిగిన చేపలవాళ్ళు కూడా తలలూపారు. సరస్సంటే ఇష్టమున్నవాళ్ళు నూకాలు కాక ఒక్కరన్నా ఉంటే కదా, వద్దనడానికి. లక్ష్మివారం పలుగులతో గట్టు మీదికి రమ్మని చాటింపు వేశారు.

ఆ మాట విని సరస్సు బెదిరిపోయింది. నూకాలు కాళ్ళ దగ్గరికి చిన్న అలగా వచ్చి, నేను పోతానా అని అడిగింది. నేనుండగా ఎక్కడికి పోతావు అని నూకాలు చెంగు బిగించి, తిన్నగా భద్రయ్య ఇంటికి నడిచింది.

భద్రయ్య ఆమె చెప్పేది సగం విని, కుర్రతనంలో ఒకసారి చేపల దోనె ఎక్కాననీ, తడిసి ముద్దయ్యాననీ, ఆ జలుబు ఆర్నెల్లు వదల్లేదనీ చెప్పుకొచ్చాడు.

"ఒక్కసారి నా చేత్తో తిప్పుతాను, ఎక్కండి బాబూ," అంది నూకాలు. "దిగినాక కూడా మీరు తెంచమంటే, మొదటి పలుగుపోటు నేనే ఏస్తాను."

ఆ ధీమా చూసి భద్రయ్య కాదనలేకపోయాడు. సరే, ఆ ముందురోజు, బుధవారం ఎండెక్కకముందు వస్తానన్నాడు.

బుధవారం తెల్లవారుతుండగానే నూకాలు ఒడ్డుకు వెళ్ళి గాలిని పిలిచింది. అది నాలుగు కొండలు చుట్టి, ఆమె కొప్పు ఊడదీసి, ఏం కావాలంది. ఒక్క పూట కదలకుండా ఉండమని అడిగింది నూకాలు. గాలి తెల్లబోయింది. కదలకుండా ఉండడం ఎలాగో తనకు తెలియదంది. చూపించేవాళ్ళు ఎవరూ లేరంది. తనను చూడగానే అందరూ తలుపులు మూసుకుంటారనీ, దీపాలకు చెయ్యి అడ్డం పెట్టుకుంటారనీ, లోపలికి వచ్చి కూర్చోమన్నవాళ్ళు ఇంతవరకూ లేరనీ చెప్పింది.

నూకాలుకు గుండె చివుక్కుమంది. ఇన్నాళ్ళూ దాన్ని తిట్టిపోసినందుకు సిగ్గేసింది.

"ఇన్ని పడవలు తోశావు కదా," అంది మెల్లగా. "ఒక్కదాన్లో అన్నా కూకున్నావా?"

గాలి లేదంది.

దోనెలవాళ్ళకు ఒక పద్ధతుంది. ఎవరినైనా దోనె ఎక్కించేముందు నీళ్ళు తీసి కళ్ళకద్దుకుంటారు. అలా అద్దుకుని ఎక్కించుకున్న మనిషిని, తనంతట తను దిగేదాకా దిగమనరు. నూకాలు నీళ్ళు కళ్ళకద్దుకుని, పసుపు పూసిన దోనె అంచు పట్టుకుని, ఎక్కు అంది.

గాలి బెరుకుబెరుగ్గా ఎక్కింది. ముందు కొండల మీద ఉన్నది దిగి వచ్చింది. తర్వాత తాటాకుల్లో ఉన్నది, వలల్లో ఉన్నది, గూడబాతుల రెక్కల కింద ఉన్నది కూడా వచ్చి, పలకల మీద సర్దుకుంది. నూకాలు మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, బిడ్డ ఉయ్యాలను ఊపినట్టు దోనెను ఊపుతూ, తనకొచ్చిన జోల పాడింది. కళ్ళు బరువెక్కుతున్నాయి, ఇదేం జబ్బు అని అడిగింది గాలి. జబ్బు కాదు, నిద్ర అంటారు దీన్ని అని నూకాలు చెప్పేలోపే గుర్రు పెట్టేసింది.

అలలు ఒక్కొక్కటే పడుకున్నాయి. నీళ్ళు కదలడం మానేశాయి. సరస్సు భయంభయంగా ఒక కన్ను తెరిచింది. ఏమీ కొట్టలేదు. రెండో కన్నూ తెరిచింది. నెత్తిమీద ఆకాశం కనపడింది. అది తను అనుకున్నదానికంటే చాలా పెద్దగా ఉంది.

నూకాలు సంబరంగా దోనెను రేవు గుంజకు కట్టేసింది. ఆ సంబరంలో ఒక్క సంగతి మరిచిపోయింది. మనుషులు తిరగడానికి ఊరంతటికీ ఉన్న దోనె అదొక్కటే. అందులో గాలి పడుకుని ఉంది.

కండువా వేసుకుని భద్రయ్య రానే వచ్చాడు. ఆయన వెనకాల తమాషా చూద్దామని ఏడూళ్ళ జనమూ వచ్చారు. ఆయన పసుపు దోనె చూసి, బాగుందే అని కాలెత్తాడు.

నూకాలుకు పై ప్రాణాలు పైనే పోయాయి. గాలిని లేపితే సరస్సు పోతుంది. లేపకపోతే ఊరిపెద్దకు కోపమొచ్చి, అప్పుడూ సరస్సు పోతుంది. అయినా ఒక్క క్షణమే ఆలోచించింది. కళ్ళకు నీళ్ళద్దుకుని పిలిచి ఎక్కించుకున్నాక, ఎంతటివాళ్ళ కోసమైనా దిగమనడం ఆమెకు చేతకాలేదు.

"అది ఖాళీ లేదు బాబూ," అంది. "ముందొచ్చినవాళ్ళు ఎక్కారు."

జనం ఆ దోనెలోకి తొంగి చూశారు. ఎవరూ లేరు. భద్రయ్య ముఖం జేవురించింది. గుసగుసలు బయల్దేరాయి.

నూకాలు అవేవీ పట్టించుకోలేదు. చేపలు పట్టే దోనెలు రెండు లాక్కొచ్చి, పక్కపక్కన పెట్టి తాళ్ళతో బిగించి, మీద ఒక తలుపుచెక్క పరిచింది. కళ్ళకు నీళ్ళద్దుకుని, రమ్మంది. ఆమె గొంతులో బెరుకన్నది లేదు. భద్రయ్య చేపల కంపుకు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇంత అవమానం జరిగాక గట్టు తెంచడం ఖాయమని అందరికీ వినపడేలా అని, ఎక్కి కూర్చున్నాడు.

నూకాలు వెదురు గెడ వేసి తోసింది. జంట దోనెలు చప్పుడు లేకుండా సాగాయి. ఒక్క చుక్క కూడా పైన పడలేదు. నడిమధ్యకు వచ్చేసరికి భద్రయ్య ముక్కుమీది కండువా జారిపోయింది, ఆయన చూసుకోలేదు. చుట్టూ ఉన్న కొండలన్నీ తలకిందులుగా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. వాటి పక్కన ఆయన ఊరుంది, ఆయన ఇంటి పెంకులున్నాయి. అరవయ్యేళ్ళు ఈ ఒడ్డున బతికి ఇది చూడలేదే అని ఆయనకు దిగులేసింది. నీళ్ళలోకి వంగాడు. మబ్బు పక్కన తన ముఖమే కనపడింది.

అప్పుడు సరస్సు మాట్లాడింది.

"నేను కళ్ళు తెరిచింది ఈపూటే అయ్యా. రేపు కూడా చూడనిస్తావా?"

భద్రయ్య కండువా కొస అందుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటుంటే నూకాలు అటు తిరిగి గెడ వేస్తూ, చూడనట్టే ఉంది.

ఎండెక్కింది. రేవు దగ్గర గాలికి మెలకువ వచ్చింది. ఒళ్ళు విరుచుకుని దోనె దిగి, నీళ్ళ మీద వేళ్ళు ఆడించుకుంటూ వచ్చి, జంట దోనెలను మెల్లగా ఒడ్డుకు తోసింది. అంత నెమ్మదిగా అది ఏనాడూ దేన్నీ తోయలేదు. నిద్ర చాలితే ఎవరైనా అంతే.

దిగగానే భద్రయ్య జనం వైపు తిరిగి, రేపు పలుగులు ఎవరూ తేవద్దు అన్నాడు. రేపు పొద్దున్నే మా ఆవిణ్ణి తీసుకొస్తాను, మాకు చోటు ఉంచు అని నూకాలుతో చెప్పాడు. అప్పటికే ఆయన వెనక, ముందు మేమంటే ముందు మేమని ఏడూళ్ళవాళ్ళూ తోసుకుంటున్నారు.

గాలి నూకాలు చెవి దగ్గర చేరి, రేపు కూడా పడుకోవచ్చా అని అడిగింది.

"ఆ దోనె ఇంక నీదే," అంది నూకాలు.

అప్పటినుంచే పొద్దుటిపూట సరస్సు కదలకుండా ఆకాశాన్ని చూస్తూ ఉంటుంది. ఎండెక్కాకే అలలు లేస్తాయి. షికారు పోయేవాళ్ళు పొద్దున్నే రేవుకు పరిగెత్తేదీ అందుకే. ఎంతమంది జనం వచ్చినా, అక్కడొక పడవ మాత్రం ఖాళీగా కట్టేసి ఉంటుంది. ఆకు కూడా కదలని ఆ వేళ, ఎవరూ తాకకుండానే అది మెల్లగా ఊగుతుంటుంది. దాన్ని ఎవరూ ఎక్కరు. ముందొచ్చినవాళ్ళు ఎక్కి, పడుకుని ఉన్నారు.