నూరో రోజు లెక్క

నాగసిరికి తిన్న ముద్ద గొంతు దిగడం మానేసి నెల దాటింది. కారణం రోగం కాదు. రోగుల లెక్క.

ఒకే భిక్షుణీ సంఘానికి మూడు రాజ్యాల్లో మూడు వైద్యశాలలు ఉండేవి. కొండల్లో ఒకటి, ఏటి ఒడ్డున ఒకటి, దీవిలో ఒకటి. ఏది ఎంతమందిని బాగుచేస్తోందో చెప్పమని ముగ్గురు రాజులూ అడిగారు. తీరా చూస్తే బాగవడం అనే మాటకి మూడుచోట్లా మూడు అర్థాలు. కొండవాళ్ళకి తన కాళ్ళ మీద గుమ్మం దాటినవాడు బాగైనట్టు. దాటి, మలుపులో కూలబడితే అది వాళ్ళ గుమ్మం కాదు. దీవివాళ్ళకి మందు మానేసినవాడు బాగైనట్టు. చచ్చినవాడూ మందు మానేస్తాడు, ఆ సంగతి వాళ్ళెవరికీ తట్టలేదు. ఏటి ఒడ్డున మరీ సులువు. పెద్దావిడ ఖేమవ్వ బాగైందంటే బాగైనట్టే.

ఈ గోల తెంచింది నాగసిరే. ఖేమవ్వ శిష్యురాళ్ళలో లెక్క తెలిసిన మనిషి ఆమె. చేరిన నూరో రోజున రోగి బతికి ఉండాలి, ఇరవై బారల తాడు పరిస్తే దాని వెంట ఎవరి ఆసరా లేకుండా చివరిదాకా నడవాలి, నడిస్తే బాగైనట్టు అంది. ఒకే కొలత తాళ్ళు మూడు పేని మూడుచోట్లకీ పంపింది. రాజులు మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకుంటే వాళ్ళు రాజులెందుకవుతారు. వానలు వెళ్ళాక పరీక్షాధికారి వస్తాడనీ, అందరికన్నా తక్కువ లెక్క తేలిన వైద్యశాలని మూసేస్తారనీ ఆజ్ఞ వేశారు.

కొండ నుంచి కబురొచ్చింది, నూటికి ఎనభై ఎనిమిది. దీవి నుంచి ఎనభై ఒకటి. నాగసిరి తాటాకుల మీద రాసుకున్న తమ ఏటి ఒడ్డు లెక్క మూడుసార్లు చూసుకుంది. అరవై నాలుగు.

ఒక పొద్దున ఆమె ఖేమవ్వ దగ్గరికి వెళ్ళింది. అవ్వ వసారాలో కూర్చుని కరక్కాయలు దంచుతోంది.

"అవ్వా, ఒక దారి దొరికింది."

"దేనికి?"

"లెక్క పెరగడానికి. పది రోజులుగా రేవులో నేనే నిలబడుతున్నాను. నూరు రోజులు బతకరని తోచినవాళ్ళని పడవ దిగనివ్వడం లేదు. చోటు లేదని చెబుతున్నాను."

"ఎంతమందికి చెప్పావు?"

"నలుగురికి. నిన్న ఒకామె వచ్చింది. కడుపునిండా నీరు. ఆమె మొగుడు పడవలోంచే దండం పెట్టాడు."

"నువ్వేం చేశావు?"

"తిరిగి దండం పెట్టాను."

రోకలి ఆగింది.

"అలా చూడకండి," అంది నాగసిరి. "లోపల అరవైమంది ఉన్నారు. మూసేస్తే వాళ్ళని ఏ చెట్టు కింద పడేయను? నలుగురి కోసం అరవైమందినీ వీధిపాలు చేయమంటారా? మీరే చెప్పండి."

ఖేమవ్వ రోకలి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని, గోడ పట్టుకుని లేచి, రేవు వైపు నడిచింది. మెట్లు దిగి, అక్కడ కట్టేసి ఉన్న పోలయ్య పడవలోకి ఎక్కి కూర్చుంది. నాగసిరి తాటాకుల కట్ట చేతిలో పట్టుకునే వెనకాల పరుగెత్తింది.

"పడవలో ఒక రోగి వచ్చింది," అంది అవ్వ. "చూసి చేర్చుకో."

పడవవాడు పోలయ్య నవ్వాడు. "ఎవరవ్వా రోగి? నాకు గెడ వేయడం చాతకాదని నిన్న తిట్టిన తిట్టు ఇంకా చెవిలో ఉంది."

నాగసిరికీ నవ్వు రాబోయింది. అయినా గురువు ఆడమన్న ఆట ఆడాలి కదా. పేరు రాసింది. వయసు అడిగింది.

"డెబ్భై తొమ్మిది."

"బాధ ఎక్కడ?"

అవ్వ ఆమె చేయి పట్టుకుని తన కాషాయం కింద, పక్కటెముకల దిగువన ఆనించింది.

నాగసిరి వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. పచ్చి మామిడికాయంత గడ్డ, నొక్కితే కదలడం లేదు. ఏ గడ్డ కదులుతుందో, ఏది కదలదో, కదలనిదాని అర్థమేమిటో ఆమెకి నేర్పింది ఈ అవ్వే.

"ఎన్నాళ్ళనుంచి?"

"వానలకి ముందునుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు మంచివార్తల కోసం తిరుగుతున్నావు. అడ్డం రావడమెందుకని." అవ్వ గొంతులో వెటకారమూ లేదు, జాలీ లేదు. "నూరో రోజు ఉంటానా?"

నాగసిరి తల అడ్డంగా ఊపింది.

"పోలయ్యా, పడవ తిప్పు."

"ఎక్కడికవ్వా?"

"చోటున్న చోటికి."

పోలయ్య ఇద్దరి మొహాలూ చూశాడు. నవ్వు పోయింది. పెద్దావిడ మాట కాదనే అలవాటు లేనివాడు, తాడు విప్పి గెడ ఆనించాడు. మెట్టుకీ పడవకీ మధ్య నీళ్ళు కనిపించాయి. జానెడు. మూరెడు.

నాగసిరి తాటాకుల కట్ట మెట్టు మీద పడేసి, నీళ్ళలోకి దిగి రెండు చేతులా పడవ అంచు పట్టేసుకుంది. మొలదాకా తడిసిపోయింది.

"దిగండి."

"లెక్క తప్పుతుంది."

"దిగండవ్వా."

అవ్వ దిగి మెట్టు మీద కూర్చుంది. "రాయి మరి."

నాగసిరి మళ్ళీ గంటం తీసింది. ఆకు మీద ఉన్నవి మూడే వరుసలు. పేరు, వయసు, నూరో రోజు తాడు.

"నేనెలా వచ్చానో ఎక్కడ రాస్తావు?"

చోటు లేదు. నాగసిరి అంచున ఇరికించి రాసింది, కడుపులో గడ్డ, కదలదు, అని. రాసి తల ఎత్తింది. అవ్వ ఇంకా చూస్తూనే ఉంది. ఏదో మిగిలింది. ఏమిటో తెలియక నాగసిరి చివరికి అడిగింది.

"మీకేం కావాలి?"

"కూర్చుని అన్నం తినాలి. ఎవరో నోట్లో పోస్తుంటే పడుకుని మింగడం నా వల్ల కాదు. ఉన్నన్నాళ్ళు కూర్చుని తినేలా చూడు."

నాగసిరి అదీ రాసింది.

"ఈ రెండు వరుసలూ మిగతా రెండుచోట్లకీ పంపు, తాడు పంపినట్టే. ఎలా వచ్చారో, ఏం కావాలన్నారో."

"కొండవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ. నింపాల్సి వచ్చినప్పుడు మానేస్తారు."

"ఈలోపలే పరీక్షాధికారి వచ్చి, పాత లెక్కే చూస్తే?"

అవ్వ మెట్టు మీద చేయి ఆన్చి లేచి, వసారా వైపు నడిచింది.

నాగసిరి తడిబట్టలతోనే పడవెక్కింది. "పోలయ్యా, నిన్నటి ఆమెని ఎక్కడ దింపావు?"

"కింద ఇసుకదిబ్బ మీదమ్మా. ఇక కూర్చోలేనంది. చోటు లేదన్నారు కదా, ఏం చేయను."

"ఉందా?"

"పొద్దున ఇటు వస్తుంటే ఉంది."

పడవ ఏటి వంపు తిరగగానే దిబ్బ మీద పొగ లేచింది. చితి పొగేమోనని నాగసిరి పడవలో లేచి నిలబడింది. పొగ చూసి పోలయ్య గెడ వేయడం ఆపేశాడు. పడవ దానంతటదే కొట్టుకుపోయింది. దగ్గరికి వెళితే మొగుడు మూడు రాళ్ళ మీద గంజి కాస్తున్నాడు. ఆమె మూటకి ఆనుకుని కూర్చుని ఉంది. నాగసిరిని గుర్తుపట్టి, భయపడి, పక్కనున్న చెంబు దగ్గరికి లాక్కుంది, ఇక్కడినుంచి కూడా లేవమంటారేమోనని.

నాగసిరి ఇసుకలో ఆమె ఎదురుగా కూర్చుంది. పేరు సోమక్క. వయసు ముప్ఫై పైన, సరిగ్గా తెలియదు. కడుపునిండా నీరు, కాళ్ళు వాచాయి, ఇరవై బారలు కాదు కదా రెండు బారలు నడవలేదు. అన్నీ రాసింది.

"నీకేం కావాలి?"

సోమక్క మొగుడి మొహం చూసింది. ఇది ఎవరూ అడగని ప్రశ్న, దీనికి సరైన జవాబేదో ఉండి ఉంటుందని వెతికింది. దొరకలేదు.

"మళ్ళీ చోటు లేదనకమ్మా," అంది.

నాగసిరి ఆ మాటే ఆకు మీద రాసింది, ఒక్క అక్షరం మార్చకుండా.

పడవ రేవుకి చేరేసరికి ఖేమవ్వ వసారాలో తన చాప ఒక పక్కకి జరుపుకుని కూర్చుని ఉంది. పోలయ్యా, ఆ మొగుడూ కలిసి సోమక్కని ఎత్తుకొచ్చారు. ఎక్కడ దింపాలని నాగసిరి వైపు చూశారు. నాగసిరి అవ్వ వైపు చూసింది.

"ఇలా నా పక్కన పడుకోబెట్టండి," అంది ఖేమవ్వ. "ఒక్కదాన్నే నూరో రోజు లెక్క తప్పాలంటే నాకూ భయంగానే ఉంది."