అరబ్బీ నేర్పిన గుర్రం

ముత్యాలరేవునేలే అనంగభూపాలుడికి ఒకనాడు పట్టరాని కోపం వచ్చింది. గుర్రాలమ్మే అరబ్బు వర్తకుడు ఏదో అన్నాడు. వాడి మనుషులంతా పకపకా నవ్వారు. దుబాసీ మాత్రం, తమరి ఆరోగ్యం అడుగుతున్నాడు ప్రభూ, అన్నాడు.

ఆరోగ్యం అడిగితే అంత నవ్వెందుకు?

రాజు దుబాసీని అక్కడికక్కడే ఇంటికి పంపేశాడు. మళ్లీ ఓడలొచ్చేసరికి అరబ్బీ నేర్చుకుని, బేరం తానే చేస్తానని నిండుకొలువులో ప్రకటించాడు.

నేర్పడానికి హేరంబ భట్టు ముందుకొచ్చాడు. ఆయన మహాపండితుడు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా ఆయనే చెప్పేవాడు. దొరికిన అరబ్బీ మాటలన్నీ పోగేసి శ్లోకాల్లా కట్టి, రోజూ పొద్దున్నే రాజు చేత వల్లె వేయించాడు. ఆకాశం, మేఘం, వాన అని మొదలై ఆ వరస ఎక్కడెక్కడికో పోయేది. రాజు రాగం తీస్తుంటే కొలువంతా తలలూపేది. తడబడినా చిత్తం అనేది. రాజును తప్పు పట్టడం అక్కడ మర్యాద కాదు.

ఓడల రాకకు ఇంకా నెల ఉందనగా భట్టు సభలో లేచాడు. ప్రభువుల అరబ్బీ పరిపూర్ణమైందని, కాదనేవారుంటే నిలబడమని సవాలు విసిరాడు.

రాణివాసం పెత్తనం చూసే ముప్పసాని నిలబడింది. బుద్ధిలోనూ మాటలోనూ చురుకైన మనిషి.

"ఎవరైనా పరీక్షించి చూశారా, భట్టుగారూ?"

"ప్రభువుల్ని పరీక్షించేదెవరమ్మా? నువ్వా?"

"నేనైతే నేనూ చిత్తమే అంటాను. భయంలేని వాణ్ణి పిలిపిస్తాను."

రాజు ముఖం ఎర్రబడింది. తన చదువులో లోపం ఉందని తేలితే ఏం కోరినా ఇస్తానన్నాడు. తేలకపోతే ఆవిడ పొద్దు వాలేలోగా ఊరు విడిచిపోవాలన్నాడు. ముప్పసాని సరేనంది.

కాసేపటికి అరబ్బు కాపరి ఒకడు తెల్లగుర్రాన్ని సభ ముంగిట్లోకి నడిపించుకొచ్చాడు. కిందటేడు రాణిగారి కోసం కొన్నది. పుట్టి పెరిగింది అరబ్బుల దగ్గర కాబట్టి దానికి తెలిసింది ఆ భాషే. ముప్పసాని పగ్గం వదిలేయించి, ప్రభువులు దాన్ని దగ్గరికి పిలవాలని, ఒక్క మాట చాలని అంది.

రాజు నోరు తెరిచాడు. మాట రాలేదు. తెలియక కాదు. 'రా' అనే మాట ఎక్కడో పదకొండో శ్లోకంలో ఉంది. అక్కడికి చేరాలంటే మొదటినుంచీ రావాలి. కళ్లు మూసుకుని ఆకాశం దగ్గర మొదలుపెట్టాడు.

గుర్రం చెవులు నిక్కించి కాస్త విన్నది. తర్వాత గుమ్మానికి కట్టిన తోరణం అందుకుని మామిడాకులు నమలసాగింది. రాగం ఊపులో 'రా' వచ్చింది, వెళ్లిపోయింది కూడా. రాజు అప్పుడే పన్నెండో శ్లోకంలో పడ్డాడు.

సేనాపతికి దగ్గొచ్చింది.

గుర్రానికి చెవుడన్నాడు భట్టు. అయితే మీరే పిలిచి చూడండి అంది ముప్పసాని. ఆయన గొంతు సవరించుకుని, గుర్రానికి అరబ్బీలో ఎన్ని పేర్లున్నాయో అన్నీ ఏకరువు పెట్టాడు. అది ఆయన వైపు తోక తిప్పింది.

ముప్పసాని ఒక్క మాట అంది, పొరుగింటామెను పిలిచినట్టు మామూలుగా. గుర్రం నడిచొచ్చి ఆవిడ భుజానికి మూతి ఆనించింది.

"నీకెన్ని మాటలు వచ్చు?" రాజు గొంతు తగ్గింది.

"ఓ పాతిక ప్రభూ. ఈ కాపరి దగ్గర ఏ పూట నేర్చిన మాట ఆ పూటే గుర్రపుశాలలో వాడతాను. మొదట్లో ఆగమనబోయి పరుగెత్తమన్నాను. ఆ మాట ఇక ఈ జన్మలో మరిచిపోను."

"మరి నా తప్పు ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదేం?"

"వీళ్లందరికీ జీతం తమరిస్తున్నారు ప్రభూ. దానికి మాత్రం గడ్డి ఎవరు వేసినా ఒకటే."

రాజు సింహాసనం దిగి గుర్రం ముందు నిలబడ్డాడు. రాగం లేకుండా ఆ ఒక్క మాట అన్నాడు. గుర్రం చూసి ఊరుకుంది. మళ్లీ అన్నాడు. ఒక చెవి తిప్పింది. గొంతు లోపల్నుంచి రావాలని ముప్పసాని చెప్పింది. ఈసారి గుర్రం కదిలి రాజు దగ్గరికి వచ్చేసింది. రాజు చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఏం కావాలో కోరుకోమన్నాడు. ఈ నెలంతా ప్రభువులు రేవుకెళ్లి అరబ్బు నావికులతో మాట్లాడాలని, తప్పు దిద్దిన వాడికల్లా తమ చేత్తో తాంబూలం ఇవ్వాలని అడిగింది ముప్పసాని. రాజు ఒప్పుకుని, మెడలోని ముత్యాలహారం తీసి ఆవిడకిచ్చాడు. ఆ ఉత్సాహంలో గుర్రం కాపరి వైపు తిరిగి అరబ్బీలో కృతజ్ఞతలు చెప్పాడు.

కాపరి తల గోక్కున్నాడు. రాజు ముఖం చూశాడు, పక్కనే సేవకుడి చేతిలో ఉన్న తాంబూలం పళ్లెం చూశాడు.

"అలా కాదు ప్రభూ," అన్నాడు.

రాజు పళ్లెం మొత్తం వాడి చేతిలో పెట్టాడు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వింది కూడా ఆయనే.