కూర్చోని దాలమ్మ

అనగనగా అనేంత పాతది కాదు, నిన్నమొన్న అనేంత కొత్తదీ కాదు. నేను చెప్తాను, మీరు ఊ కొట్టాలి. కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తాను.

సముద్రం ఒడ్డున ఉప్పుగెడ్డ అని ఒక ఊరు. ఊరి చుట్టూ ఉప్పు మడులు. ఊళ్ళో ఒక బుల్లి హైస్కూలు. దానికి గోడలు మూడే, నాలుగోది తుఫాను పట్టుకుపోయింది. అందులో చదివే ఆడపిల్లలు ఏడుగురు. కబడ్డీ జట్టుకి కావలసిందీ ఏడుగురే. అందుకని ఆట వచ్చినవాళ్ళూ జట్టే, రానివాళ్ళూ జట్టే.

రానివాళ్ళలో మొదటిది దాలమ్మ. పొట్టి పిల్ల. పొద్దున్నే మడుల్లో దిగి, చెక్కపలకతో ఉప్పు లాగి, కాళ్ళ తడి ఆరకుండానే బడికొచ్చేది. పరుగు రాదు. పట్టు రాదు. దమ్ము నిలవదు, కూత ఇలా ఎత్తుకుంటే అలా ఆగిపోయేది. ఏ ఆటలోనైనా అందరికంటే ముందు ఔటయ్యేది దాలమ్మే. ఆ సంగతి ఆమెకీ తెలుసు, తెలిసే ఆడేది.

ఏటా పట్నంలో పోటీలు జరిగేవి. పట్నం బడి పిల్లలకి బూట్లు, రంగు బనీన్లు, గ్లూకోజు నీళ్ళు. మనవాళ్ళకి ఉత్త కాళ్ళు.

మొదటి ఏడు వెళ్ళారు. దాలమ్మ ముందే ఔటయింది. ఔటైనవాళ్ళు గీత వెనక వరసగా కూర్చోవాలి. మనవాళ్ళు అవతలివాళ్ళని కొట్టినప్పుడల్లా ఒక్కొక్కరూ లేచి ఆటలోకి రావాలి. దాలమ్మ గీత వెనక్కి వెళ్ళింది గానీ కూర్చోలేదు.

"కూర్చోమ్మా," అన్నాడు రిఫరీ.

"ఆట అయిపోనాదేటి, బావూ?"

"ఇంకా లేదు."

"మరి నానెందుకు కూకోవాలి?"

జనం పొట్ట పట్టుకుని నవ్వారు. మనవాళ్ళు చిత్తుగా ఓడారు. "పరువు తీసేసినావే గుంటా," అని జట్టు నాయకురాలు పోలమ్మ దారి పొడుగునా తిట్టింది.

రెండో ఏడు వెళ్ళారు. దాలమ్మ ముందే ఔటయింది.

"కూర్చోమ్మా."

"ఆట అయిపోనాదేటి, బావూ?"

జనం మళ్ళీ నవ్వారు. కాసేపటికి పోలమ్మ కూడా ఔటయింది. గీత వెనక్కి వచ్చి, కూర్చోబోయి, దాలమ్మ మొహం చూసింది. ఏమనిపించిందో ఏమో, పక్కనే నిలబడిపోయింది. ఆ ఏడూ చిత్తుగానే ఓడారు.

పోటీలు నడిపే పెద్దమనిషి వాళ్ళని పిలిచాడు. "ఇంకొక్కసారి ఓడితే మీ బడి పేరు కొట్టేస్తాను. ఆడలేనప్పుడు ఇంత దూరం దేనికి? మధ్యాహ్నం పెట్టే భోజనానికా?" అన్నాడు.

ఓడినందుకు దాలమ్మ ఏడవలేదు. ఈ మాటకి మాత్రం ఆమె ఒళ్ళు మండిపోయింది. తిండికొచ్చామంటాడా! ఆ మాట ఏడాది పొడుగునా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

మూడో ఏడు ఏడుగురూ గిన్నెల్లో చద్దన్నం కట్టుకుని వెళ్ళారు. పట్నం బడి నాయకురాలు వసుంధర తనవాళ్ళతో అంది: "ఆ పొట్టిదాన్ని వదిలేయండి. దాన్ని ఎప్పుడైనా కొట్టొచ్చు."

వదిలేశారు. మిగతావాళ్ళని ఒక్కొక్కరినే ఏరి పారేశారు. పోలమ్మ పోయింది, ఆమె వెనక ఇంకో ఐదుగురు. ఆరుగురూ గీత వెనక నిలబడ్డారు. రిఫరీ కూర్చోమనడం ఎప్పుడో మానేశాడు. ఇటు మిగిలింది దాలమ్మ ఒక్కతే. అటు ఏడుగురు. వాళ్ళు ఆరు పాయింట్లు ముందున్నారు, టైము అయిపోవస్తోంది. కూతకి వెళ్ళాల్సింది దాలమ్మే.

"పడిపోకు దాలీ, అంతే సాలు," అని అరిచింది పోలమ్మ.

దాలమ్మ కూత ఎత్తుకుంది. తన దమ్ము తనకి తెలుసు కాబట్టి లోతుకి పోలేదు, గీత దగ్గరే తచ్చాడింది. ఆ చివరి పాయింటు తనకే కావాలని ఏడుగురికీ ఆశ. ఒక్కుమ్మడిగా వచ్చి మీద పడ్డారు. ఒకామె నడుం పట్టింది, ఒకామె మెడ, ఒకామె కాలు. పడితే కదా! ఉప్పు మడిలో మడమలు దిగేసి పలక లాగే కాళ్ళవి. ఒక అడుగు లాగింది. కబడ్డీ, కబడ్డీ. రెండో అడుగు లాగింది. కూత సన్నబడిపోయింది. ఆగిపోయిందేమోనని రిఫరీ వంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టాడు. ఉంది! అంత దమ్ము ఎక్కణ్ణుంచి వచ్చిందని నన్నడక్కండి. గొంతులో ఉన్న ఆ ముల్లే పలికిందంటారు మావాళ్ళు. మూడో అడుగుకి బొటనవేలు గీత దాటింది.

పట్టుకున్నవాళ్ళంతా ఔట్. ఏడుగురూ ఔట్!

మనవాళ్ళు ఆరుగురికీ లేవాల్సిన పని లేకపోయింది. నిలబడే ఉన్నారు కదా, నడిచి లోపలికి వచ్చేశారు. ఈల మోగేసరికి ఆట మనది.

పెద్దమనిషి నవ్వుకుంటూ వచ్చి, "రండమ్మా, భోజనాలు చేద్దురు గాని," అన్నాడు.

"మాది మాకుంది బావూ. తవరు తినండి," అంది దాలమ్మ, గిన్నె మూత తీస్తూ.

తర్వాత దాలమ్మ గొప్పదయిందా? లేదు. మళ్ళీ మడుల్లోకే పోయింది. ఉప్పు లాగీ లాగీ ముసలిదయింది, ఒకనాడు కన్నుమూసింది. శవం దగ్గర ఎవరో చాపలు పరిచారు. ఆ ఆరుగురు ముసలమ్మలూ మోకాళ్ళు పట్టుకుని నిలబడే ఉన్నారు.

"కూకోండమ్మా, ఎంతసేపని నిలబడతారు?" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

"ఆట అయిపోనాదేటి?" అంది పోలమ్మ. అని భోరున ఏడ్చింది.

ఇప్పటికీ ఉప్పుగెడ్డ పిల్లలు ఔటైతే గీత వెనక కూర్చోరు. చూడ్డానికి వచ్చిన ఊరివాళ్ళూ కూర్చోరు. అంతేకాదు, ఆ ఊళ్ళో వల తెగినవాడో, పరీక్ష తప్పినదో, వానకి ఉప్పంతా కరిగిపోయినవాడో గడపలో చతికిలబడితే ఎవరూ ఓదార్చరు. దారిన పోతూ ఒకటే మాట అడుగుతారు.

"దాలమ్మ కూకుందేటి?"

అడిగాక కూడా లేవనివాళ్ళని నేనింతవరకు చూడలేదు.