మచ్చన్న తినని తెలకపిండి

అనగనగా ఒక అడవి. అడవి అన్నాక పులీ ఉంటుంది, సింహమూ ఉంటుంది. వాటి కథలు మీరు బోలెడు విన్నారు. ఇది ఒక గానుగెద్దు కథ. చెవులు ఇటు పెట్టండి.

ఆ అడవిలో వాగు పక్కన ఒక నువ్వుల గానుగ ఉండేది. దాని యజమాని గుర్నాథం అనే ఎలుగుబంటి. ఏ గుహలో దీపం వెలగాలన్నా, ఏ ముసలి కోతి మోకాలికి నూనె రాయాలన్నా గుర్నాథం దగ్గరికే రావాలి. మనిషంత ఎలుగుబంటే గానీ మనసు మాత్రం నువ్వుగింజంత. ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడని అడవంతా చెప్పుకునేది.

గానుగ తిప్పే ఎద్దు పేరు మచ్చన్న. నువ్వులు చెరగడానికి ఉడుతలు ఉండేవి. సాయంత్రం పని దిగాక మచ్చన్న వీపు మీద ఒక గోరింక వచ్చి కూర్చునేది. దాని పేరు చిట్టెమ్మ. దానికి పనేమీ లేదు, నోరు మాత్రం ఉంది.

ఆ గానుగ దగ్గర తాతలనాటి ఆనవాయితీ ఒకటి ఉంది. పనిలోకి వచ్చేవాళ్లకి యజమాని అందరి ఎదుటా తన చేత్తో పిడికెడు తెలకపిండి తినిపించాలి. నూనె తీశాక గానుగలో మిగిలే నువ్వుపిండే తెలకపిండి. ఎద్దులకు అదంటే ప్రాణం. పనిలోంచి పంపేసేటప్పుడు కూడా అలాగే పిడికెడు తినిపించాలి. మొదటిరోజు పిండి తింటే పొత్తు కుదిరినట్టు. వెళ్లేరోజు పిండి తింటే పొత్తు తెగినట్టు.

గానుగెద్దు పని మీకు తెలుసు కదా. పొద్దున కళ్లకు గంతలు కడతారు. మెడలో గంట కడతారు. ఇక గుండ్రంగా తిరగడమే. గంట మోగుతున్నంతసేపూ గుర్నాథం పాకలో హాయిగా కునుకు తీసేవాడు.

మచ్చన్న తిరిగే దారికి అడ్డంగా చిన్న కాలువ ఉండేది. దాని మీద ఒక చెక్కపలక వేసి ఉండేది. నీళ్లకు నాని నాని ఆ పలక పుచ్చిపోయింది. కళ్లకు కనబడకపోయినా మచ్చన్న కాలికి తెలిసింది.

"అయ్యా, పలక మెత్తగా తగులుతోంది. కాస్త చూడండి," అన్నాడు మచ్చన్న.

"నువ్వులు గుట్టలుగా పడి ఉన్నాయి. తరవాత చూద్దాం," అన్నాడు గుర్నాథం.

కొన్నాళ్లు పోయాక మచ్చన్న మళ్లీ అడిగాడు. "అయ్యా, పలక కిర్రుమంటోంది."

"నా గానుగ కూడా కిర్రుమంటుంది. దాన్నీ మార్చేయమంటావా?"

మూడోసారి మచ్చన్న ఆగి మరీ చెప్పాడు. "అయ్యా, కాలు పెడితే పలక ఊగుతోంది. భయంగా ఉంది."

"పలక ఊగడం లేదురా. తిండి ఎక్కువై నువ్వే ఊగుతున్నావు. నడు, నడు."

అలా అన్నాడా? తను మాత్రం అటు వచ్చినప్పుడల్లా ఆ పలక దగ్గర ఆగి, పొట్ట ఎగరేసుకుంటూ అవతలికి ఒక్క గెంతు గెంతేవాడు. గంతలు కట్టుకున్న మచ్చన్నకు ఆ సంగతేం తెలుస్తుంది? ఉడుతలు చూసేవి. చూసి, తలలు వంచుకుని నువ్వులు చెరుక్కునేవి.

ఒక మధ్యాహ్నం పలక విరగనే విరిగింది. మచ్చన్న ముందుకాలు కాలువలోకి దిగబడి ఫెళ్లుమంది. గంట ఆగిపోయింది.

పాకలోంచి గుర్నాథం కేక వేశాడు. "గంట ఆగిందేంరా?"

కాలు ఎలా ఉందిరా అని కాదు పిల్లలూ, గంట ఆగిందేంరా అని.

బయటికి వచ్చి చూశాడు. మచ్చన్న కాలు వాచి, వంకరగా వేలాడుతోంది. గుర్నాథం మొహం చిట్లించాడు.

"మూడుకాళ్ల ఎద్దుతో నాకేం పని? పొద్దువాలేలోగా పాక ఖాళీ చెయ్యి," అన్నాడు.

"అయ్యా, వానలు ముంచుకొస్తున్నాయి. ఈ కాలు కూడుకునేదాకా పాకలో ఓ మూల ఉండనివ్వండి. ఈ కాలేసుకుని అడవిలోకి పోతే పులి నన్ను బతకనిస్తుందా?"

"అది నీకూ పులికీ మధ్య సంగతి," అని గుర్నాథం గంతలూ గంటా విప్పేసుకుని లోపలికి పోయాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

మచ్చన్న కుంటుకుంటూ వాగు ఒడ్డున మద్దిచెట్టు కిందికి చేరాడు. నొప్పి కన్నా అవమానం ఎక్కువగా ఉంది. ఇన్నేళ్లు గానుగ చుట్టూ తిరిగి తిరిగి ఈ అడవికి దీపాలు వెలిగించానే, ఇదా నా విలువ అనుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ దారిన తాబేలు వచ్చింది. "పోనీలే మచ్చన్నా. పెద్దవాళ్లతో మనకు పేచీ ఎందుకు? నీ రాత అనుకో," అంది.

కుందేలు వచ్చింది. "నోరెత్తావంటే రేపు ఇంకెవరూ నిన్ను పనిలో పెట్టుకోరు. ఆలోచించుకో," అని చెవులు ఊపుకుంటూ పోయింది.

చివరికి చిట్టెమ్మ ఎగిరొచ్చి వీపు మీద వాలింది. "అడగనిదే అమ్మయినా పెట్టదు మచ్చన్నా. ఏనుగవ్వను పిలవనా?"

ఏనుగవ్వ అంటే ఆ అడవిలో తగవులు తీర్చే ముసలి ఏనుగు. గొడవ ఎక్కడ పుడితే అక్కడికే వచ్చి తీర్పు చెప్పడం ఆవిడ పద్ధతి.

మచ్చన్న వాచిన కాలు వైపు చూసుకున్నాడు. అవతలి కొండ మీద పులి గాండ్రించింది.

"పిలువు చిట్టెమ్మా," అన్నాడు. "నేనేమీ బిచ్చం అడగడం లేదు. నాకు రావలసింది అడుగుతున్నాను."

ఏనుగవ్వ వస్తోందన్న కబురు గుర్నాథానికి అందింది. వాడు గబగబా విరిగిన పలక తీసి వాగులో పారేశాడు. గట్టి పలక ఒకటి తెచ్చి వేశాడు. కొత్తదని తెలియకుండా దానికి మసి, నూనె పూశాడు. ఎవరూ చూడలేదని చేతులు దులుపుకున్నాడు.

తెల్లారేసరికి అడవంతా గానుగ దగ్గర చేరింది. ఏనుగవ్వ మద్దిచెట్టు నీడలో నిలబడి అడిగింది.

"ఏం గుర్నాథం, పనిలో దెబ్బ తగిలినవాణ్ణి ఎందుకు వెళ్లగొట్టావు?"

"తప్పు వాడిదే అవ్వా. కింద చూసుకుని నడవాలా, వద్దా? కళ్లు నెత్తికెక్కాయి వాడికి."

"కళ్లు నెత్తిమీద లేవు అవ్వా," అంది చిట్టెమ్మ. "గంతల కింద ఉన్నాయి."

"ఆ గంతలు కట్టింది ఎవరు నాయనా?" అని ఏనుగవ్వ అడిగింది.

గుర్నాథం పలక వైపు చెయ్యి చూపించాడు. "నేనే అవ్వా. అయినా పలక బంగారంలా ఉంది. ఇదిగో, మీ ఎదురుగానే ఉంది. వాడే తూలిపడ్డాడు."

"అలాగా. నాకు చూపు మందగించింది. ఎద్దు తిరిగే దారి ఏదో ఒకసారి నడిచి చూపించు."

అదెంత భాగ్యం అనుకున్నాడు గుర్నాథం. చేతులు వెనక్కి కట్టుకుని దర్జాగా బయల్దేరాడు. "ఇదిగో అవ్వా, ఇలా మొదలవుతుంది, ఇలా తిరుగుతుంది..." అంటూ మాట్లాడుతూ మాట్లాడుతూ పలక దగ్గరికి వచ్చాడు. వచ్చి, అలవాటు ప్రకారం పొట్ట ఎగరేసుకుంటూ ఒక్క గెంతు గెంతాడు.

 అది చూసి ఒక ఉడుత కిసుక్కుమంది. దాని పక్కది పకపకా నవ్వింది. ఆ నవ్వుతో ఉడుతలకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది.

"రోజూ అలాగే గెంతుతాడు అవ్వా," అంది పెద్ద ఉడుత. "మచ్చన్న మూడుసార్లు చెప్పాడు. మేమంతా విన్నాం. భయపడి ఊరుకున్నాం."

"బంగారంలాంటి పలకను దాటడానికి గెంతడం ఎందుకు గుర్నాథం?" అంది ఏనుగవ్వ. "నీ నోటికి అబద్ధం వచ్చు గానీ నీ కాళ్లకు ఇంకా నేర్పలేదు."

గుర్నాథం చెమట తుడుచుకున్నాడు. ఆఖరి ఎత్తు వేశాడు. "అయిందేదో అయింది. నేను వాణ్ణి నిన్ననే పనిలోంచి తీసేశాను. ఇప్పుడు వాడికీ నాకూ ఏ సంబంధమూ లేదు."

"తీసేశావు, సరే. పిండి తినిపించావా?"

గుర్నాథం గతుక్కుమన్నాడు. పిడికెడు పిండి మిగిలిందని నిన్న లోలోపల సంబరపడ్డాడు మరి. ఇప్పుడేం చేస్తాడు? పాకలోకి పరుగెత్తి, పిడికెడు కాదు, ఏకంగా గంపెడు తెలకపిండి మోసుకొచ్చాడు. మచ్చన్న ముందు కూర్చుని దోసిలి పట్టాడు.

"తినరా మచ్చన్నా. తిను నాయనా. నా బంగారు కొండవి కదూ."

మచ్చన్న నిన్నటి నుంచి ఏమీ తినలేదు. తాజా పిండి కమ్మటి వాసన ముక్కుకు తగిలింది. నోట్లో నీళ్లూరాయి. ఒక్క ముద్ద తింటే ఆకలి తీరుతుంది, కానీ పొత్తు తెగిపోతుంది. పాకా పోతుంది, పనీ పోతుంది. అడవి అంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

మచ్చన్న మూతి బిగించి తల పక్కకు తిప్పుకున్నాడు.

గుర్నాథం అటు తిరిగి దోసిలి పట్టాడు. మచ్చన్న ఇటు తిప్పుకున్నాడు. గుర్నాథం ఇటు వచ్చాడు. మచ్చన్న తల పైకెత్తి నిలబడ్డాడు. మూడుకాళ్ల మీదే, కానీ నిటారుగా.

"అయ్యా, ఈ పిండి నాకూ ఇష్టమే," అన్నాడు. "నా కాలు కూడుకున్నాక, నేను వెళ్తానన్న రోజున పెట్టండి. తింటాను."

ఏనుగవ్వ తొండం ఎత్తింది. "తీర్పు వినండి. నాలుగు కాళ్లతో వచ్చినవాణ్ణి మూడుకాళ్లతో తోలెయ్యడానికి వీల్లేదు. మచ్చన్న కాలు కూడుకునేదాకా పాకా, మేతా, మందూ అన్నీ గానుగవే. కూడుకున్నాక ఆ పని అతనిదే. అప్పుడు గంట అతని మెడకు తిరిగి కట్టు."

"మరి అప్పటిదాకా గానుగ ఎవరు తిప్పాలి అవ్వా?" అన్నాడు గుర్నాథం ఏడుపుమొహంతో. "అడవికి దీపాలెలా?"

"నీకేం తక్కువ నాయనా? ఒళ్లు బాగానే ఉందిగా."

ఉడుతలు గంట తెచ్చి గుర్నాథం మెడకు, గంతలు తెచ్చి కళ్లకు కట్టాయి. ఎంత బిగించి కట్టాయో చెప్పలేను. కాడి భుజాన పడింది. గుర్నాథం మొదటి చుట్టు మొదలుపెట్టాడు. కాలికి పలక తగలగానే ఆగిపోయాడు. కళ్లు కనబడటం లేదు, గెంతడానికి కాడి అడ్డం. తను వేసిన గట్టి పలకే అది. అయినా కాలు వణికింది.

"ఒరేయ్ ఉడుతల్లారా," అన్నాడు నీరసంగా. "ఈ పలక తీసేసి రాతిబండ వెయ్యండర్రా."

మూడుసార్లు చెబితే ఎక్కని మాట ఒక్క చుట్టు తిరగబోయేసరికి బుర్రకెక్కింది.

ముసలి కోతి వచ్చి మచ్చన్న కాలికి వెదురుబద్దలు కట్టింది. వానలు వచ్చాయి, వెళ్లాయి. మచ్చన్న పాకలో వెచ్చగా పడుకుని, పచ్చగడ్డి నెమరేస్తూ, బయట మోగే గుర్నాథం గంట వినేవాడు. గంట ఆగితే చిట్టెమ్మ ఊరుకునేదా? "గంట ఆగిందేంరా?" అని అరిచేది.

కాలు కూడుకున్నాక మచ్చన్న మళ్లీ గానుగకు వచ్చాడు. గుర్నాథమే స్వయంగా అతని మెడలో గంట కట్టాడు. మచ్చన్న రాతిబండ మీద నాలుగు కాళ్లూ బలంగా వేసుకుంటూ నడిచాడు. మరుసటి ఏడు ఒక ఉడుతకు చేటలో వేలు చీరుకుపోతే, ఎవరూ అడక్కముందే గుర్నాథం మందాకు తెచ్చాడు. ఒళ్లు అరిగాక వచ్చిన బుద్ధి కదా, నిలిచింది.

నీతి: పని చేయించుకున్నవాడే ఆ పనిలో తగిలిన గాయాన్నీ మోయాలి. అది వాడి దయ కాదు, మన హక్కు. హక్కు అడగడానికి భయపడకూడదు, పిడికెడు పిండికి వదులుకోకూడదు.