దొరగారి కోటు గుండీ

పొగ ఓడలు జనాన్ని కుప్పలుగా తెచ్చి న్యూయార్కు రేవులో దింపుతున్న రోజులవి. ఇటలీలో కుట్టుపని చేసుకు బతికిన అసుంతా ఓడ దిగి, వరుసలో నిలబడి ముందువాళ్ల గతి చూస్తోంది.

బల్ల వెనక అధికారి అందరినీ ఒకటే అడుగుతున్నాడు. "ఇక్కడ నీకు పని ఉందా?" ఉందన్నవాణ్ణి, ముందే ఒప్పందం చేసుకుని రావడం నేరమని తిప్పి పంపాడు. లేదన్నవాణ్ణి, ఊరికి బరువవుతావని తిప్పి పంపాడు.

అసుంతా వంతు వచ్చింది. దుబాసీ ఆమె భాషలో అదే ప్రశ్న వేశాడు.

"ఓడ దిగేదాకా లేదు దొరా. ఈ వరుసలోకి వచ్చాకే కనబడింది. మీ కోటు రెండో గుండీ ఒక్క దారం మీద వేలాడుతోంది."

అధికారి కిందికి చూసుకున్నాడు. ఆ కోటంటే ఆయనకు ప్రాణం. "సరే, కుట్టు," అన్నాడు.

ఆమె మెడ దగ్గర బట్టకు గుచ్చి పెట్టుకున్న దారం సూది తీసి, గుండీ బిగించి, దారం పళ్లతో కొరికింది. వెంటనే ఆయన మీసం దువ్వాడు.

"దొరికావు. నేను పనిచ్చాను, నువ్వు ఒప్పుకున్నావు. ఇది ఒప్పందమే."

"ఓడ ఎక్కకముందు ఇస్తేనే కదండీ నేరం? అలా ముందే ఇచ్చినవాళ్లకీ శిక్ష ఉందట. మీరు మంచివారు, నేను దిగేదాకా ఆగారు."

ఆ మాట అధికారికి చెప్పేలోపే దుబాసీకి నవ్వాగలేదు. అది విన్న అధికారి గంభీరంగా ఆమె ప్రవేశ కాగితం మీద ముద్ర వేశాడు. కాగితం అందిస్తూ గొంతు తగ్గించాడు.

"కాపురం ఏ వీధిలో పెడతావమ్మా? ఇంట్లో ఇంకో రెండు కోట్లున్నాయి."