తమ్ముడి చేతి తమలపాకు

మంచిమాట చెబుతుంటే చెప్పేదెవరని మొహం చూస్తావేం? చిన్నవాడు చెప్పినంత మాత్రాన నిజం చిన్నదైపోతుందా? ఆ పక్కచూపులు మాని తిన్నగా కూర్చుని విను.

అనగా అనగా మణిగట్టును ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయధీరుడు, నడిమివాడు రణధీరుడు, చిన్నవాడు గుణధీరుడు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు రాజకుమారి హేమలతను చెరపట్టాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆమెను విడిపించి తెచ్చినవాడికే ఆమె, వాడికే సింహాసనం అన్నాడు రాజు.

"నాకు పడవెక్కితే వాంతులు" అని నడిమివాడు తప్పుకున్నాడు. పెద్దవాడు పడవ సిద్ధం చేశాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. సముద్రం మీదికి వెళ్లేవాడు, దారి తెలిసినవాడి చేతినుంచి తమలపాకు తీసుకుని, దారి చెప్పించుకుని కదలాలి. దారి తెలిసింది గుణధీరుడొక్కడికే. వలలో చిక్కిన తాబేలును అతను విడిపిస్తే, అది రహస్యమంతా అతనికి చెప్పింది.

"అన్నయ్యా, ఆకు తీసుకో. అక్కడ మూడు పంజరాలుంటాయి..."

"చాల్లే. నీ ఆకు తీసుకుంటే గెలిచేది నేను, పేరు నీది."

"పేరు నువ్వే ఉంచుకో. మాట మాత్రం విను."

ఆ మంచితనానికి జయధీరుడి కడుపు ఇంకా మండింది. చెవులు మూసుకుని పడవెక్కాడు.

నడిసముద్రంలో తాబేలు తల ఎత్తింది. "దొరా, మీ తమ్ముడికి చెప్పిందే మీకూ చెబుతాను..."

తమ్ముడి ఊసు రాగానే చెవులు మూసుకున్నాడు.

గాలి నెట్టినవైపే పోయి ఎలాగో ఏడు సముద్రాలూ దాటాడు. మాంత్రికుడి తోటలో మూడు పంజరాలున్నాయి. ఒకటి బంగారుది, ఒకటి వెండిది, ఒకటి వేపపుల్లలది. మూడింటిలోనూ చిలుకలే. కిటికీలోంచి హేమలత పిలిచింది. "రాకుమారా, తొందరపడకండి. ఆ బంగారు పంజరం..."

'ఇదీ వాడికి తెలిసిందే అయివుంటుంది. విన్నానా, వాడు నెగ్గినట్టే' అనుకున్నాడు. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని, మోచేత్తో బంగారు పంజరం తలుపు నెట్టాడు. నెట్టినవాడు నెట్టినట్టే రాయైపోయాడు.

ఏడాది చూసి, గుణధీరుడు తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు. వేపపుల్లల పంజరంలోని చిలుక మెడ విరిచాడు. మాంత్రికుడు కూలాడు. ఆ తోటలో అదివరకు రాళ్లయినవాళ్లంతా మనుషులయ్యారు. జయధీరుడూ అయ్యాడు, కానీ చెవులమీది రెండు చేతులూ అక్కడే రాయిగా అతుక్కుపోయాయి.

గుణధీరుడికీ హేమలతకూ పెళ్లయింది. పెళ్లివిందులో అన్న విస్తరి ముందు కదలక కూర్చున్నాడు. తమ్ముడు పక్కన కూర్చుని ముద్ద కలిపాడు.

"నోరు తెరువు అన్నయ్యా."

ఆ మాట అతనికి వినబడలేదు. ఆకలికి తానే నోరు తెరిచాడు.

గుణధీరుడు అరవై ఏళ్లు రాజ్యమేలాడు. తమ్ముడి చేతి ఆకు వద్దన్నవాడు, బతికినన్నాళ్లూ తమ్ముడి చేతి ముద్దే తిన్నాడు.